అడయారు ఏటిలో నూటయాభై ఏళ్లు దాటిన తెడ్ల చప్పుడు

మదనపల్లె: బాహుదా నదిలో నీళ్లు చూడాలంటే మంచి వాన పడాలి. పుంగనూరు పుంగమ్మ చెరువు నిండిన ఏడాదిని ఊరివాళ్లు గుర్తు పెట్టుకుని చెబుతారు. కుప్పం మీదుగా పోయే పాలారు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఇటువంటి పడమటి మండలాల వారికి పడవ పందేలంటే దూరపు సంగతి. చేపలు పట్టేవారి పుట్టి తప్ప వేరే పడవ ఎరుగని పల్లెలు ఎన్నో. అయితే ఒకప్పుడు ఈ మూడు ఊళ్లకూ రాజధాని అయిన మద్రాసులో, ఈ ప్రాంతంతో మరో విధంగానూ ముడిపడిన ఒక ఏటి ఒడ్డున, దేశంలోని అతి పాత రోయింగ్ క్లబ్బుల్లో ఒకటి నేటికీ నడుస్తోంది. అదే 1867లో ఏర్పడిన మద్రాసు బోట్ క్లబ్.

మన దేశంలో దీనికంటే పాతది 1858 నాటి కలకత్తా రోయింగ్ క్లబ్. పుణెలోని రాయల్ కన్నాట్ బోట్ క్లబ్ 1868లో వచ్చింది. సముద్రానికి అవతల కొలంబో రోయింగ్ క్లబ్ 1864 నాటిది. పదేళ్ల వ్యవధిలో నాలుగు క్లబ్బులు పుట్టడం కాకతాళీయం కాదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల మధ్య 1829లోనే పడవ పందెం మొదలైంది. అక్కడ చదువుకుని ఉద్యోగానికో వ్యాపారానికో ఇటు వచ్చిన దొరలు తమతోపాటు ఆ సరదానూ తెచ్చుకున్నారు. నీరు ఉన్న రేవు పట్టణం కనబడితే చాలు, ఒడ్డున ఒక షెడ్డు వేసి, పడవలు దించారు. మద్రాసు క్లబ్బులోనూ తొలినాళ్ల సభ్యులు తెల్లవారే. స్వాతంత్ర్యం తర్వాతే అది క్రమంగా భారతీయుల చేతికి వచ్చింది.

అడయారుకూ మదనపల్లెకూ ముడి

ఆ ఏటికీ మదనపల్లెకూ ఉన్న అనుబంధం చాలామందికి తెలిసినదే. దివ్యజ్ఞాన సమాజం 1882లో తన ప్రధాన కేంద్రాన్ని అడయారు దక్షిణపు ఒడ్డుకు మార్చుకుంది. ఆ సమాజానికి అధ్యక్షురాలైన అనిబిసెంట్ పేరుతోనే మదనపల్లెలో 1915లో కళాశాల వెలసింది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కుటుంబం 1909 జనవరిలో అడయారుకు తరలివెళ్లింది. తండ్రి నారాయణయ్య సమాజంలో కొలువుకు చేరారు. అదే ఏడాది ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక తీరంలో ఆడుకుంటున్న బాలుడిని లెడ్‌బీటర్ గమనించడంతో చరిత్ర మలుపు తిరిగింది. అప్పటికి మద్రాసు బోట్ క్లబ్ వయసు 42 ఏళ్లు. క్లబ్ ఉన్నది అదే ఏటికి ఉత్తరపు ఒడ్డున. అటువైపు దారికి నేటికీ బోట్ క్లబ్ రోడ్డనే పేరు. కృష్ణమూర్తిని గురించి చెప్పేటప్పుడు అడయారు తీరాన్ని తలచుకోని వారుండరు గాని, ఆ నీళ్లలో సాగిన పడవల మాట మన ఊళ్లలో ఎవరూ ఎత్తరు.

పాలనాపరంగా చూసినా ఇది పరాయి ఊరి క్లబ్ కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు, అంటే క్లబ్ పుట్టిన తర్వాత 86 ఏళ్లపాటు, ఈ మూడు ఊళ్లూ మద్రాసు ప్రభుత్వం కిందే ఉన్నాయి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలోది.

కొలంబోతో పందెం

ఈ క్లబ్ పేరు సముద్రం దాటింది 1898లో మొదలైన మద్రాసు - కొలంబో పందేలతో. ఒకసారి అడయారులో, మరోసారి కొలంబోలో జరిపే ఈ పోటీ, రెండు జట్లు మాత్రమే తలపడే పడవ పందేల్లో అతి పాతవాటిలో ఒకటిగా పేరుబడింది. పురుషుల జట్టు గెలిస్తే దీపం ట్రోఫీ, మహిళల జట్టు గెలిస్తే అడయార్ ట్రోఫీ అందుకుంటుంది. క్రికెట్‌లో భారత్, శ్రీలంకలు తలపడక ముందు నుంచే ఈ రెండు ఊళ్ల మధ్య తెడ్ల మీద పోటీ ఉందన్నమాట. 1933లో తూర్పు దేశాల క్లబ్బులు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. స్వతంత్ర భారతంలో జాతీయ రోయింగ్ సమాఖ్య రావడానికి మాత్రం 1976 దాకా ఆగవలసి వచ్చింది.

వెళ్లే దిక్కుకు వీపు

రోయింగ్ అంటే మామూలు పడవ నడపడం కాదు. పోటీదారు వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. కింద ఉన్న పీట చక్రాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. అందువల్ల బలమంతా చేతులది కాదు, తొడలదీ నడుముదీ. ఒక్కొక్కరు రెండు తెడ్లు పట్టే పోటీని స్కల్స్ అంటారు. ఒక్కొక్కరు ఒక్కో తెడ్డు పట్టే పోటీలు వేరు. ఎనిమిది మంది పడవలో తొమ్మిదో మనిషి, కాక్స్, ముందుకు చూస్తూ చుక్కాని పట్టి లెక్క చెబుతాడు. ఒంటరి పోటీ పడవ ఎనిమిది మీటర్ల పొడవున్నా దాని కనీస బరువు 14 కిలోలే. ఒక రైతు బియ్యం మూటను ఎత్తినంత సులువుగా భుజాన వేసుకుపోవచ్చు. నీటిమీద నిలపడమే కష్టం. కాస్త ఒరిగితే బోల్తా.

అంతర్జాతీయ పోటీలకు 2 వేల మీటర్ల దూరం సూటిగా ఉండాలి. ఒక్కో పడవకు 13.5 మీటర్ల వెడల్పు దారి కావాలి. లోతు 3 మీటర్లకు తగ్గకూడదు. కదలని నీరైతే మేలు. మన చెరువుల్లో కట్ట దగ్గర లోతు ఉన్నా, పైకి పోయేకొద్దీ మోకాలి లోతే. పైగా ఏప్రిల్ నాటికి నెర్రెలు విచ్చుతాయి. అడయారు వానకాలంలోనే పారే చిన్న ఏరే. అయినా సముద్రం ఆటుపోట్లు అందే చివరి భాగంలో నీరు నిలుస్తుంది. క్లబ్బుకు దక్కిన వరం అదే.

వరానికి శాపమూ తోడైంది. నగరం పెరిగేకొద్దీ మురుగు ఏటిలోకి చేరింది. తెల్లవారుజామున సాధనకు దిగేవారు వాసన ఓర్చుకోవడం కూడా నేర్చుకోవలసిందే. 2015 డిసెంబరులో చెంబరంబాక్కం జలాశయం నుంచి నీరు వదిలినప్పుడు అడయారు రెండు ఒడ్లనూ ముంచింది. నూటయాభై ఏళ్లలో క్లబ్బును నిలిపింది భవనం కన్నా, మళ్లీ మళ్లీ ఒడ్డుకు వచ్చిన మనుషులేనని ఒప్పుకోవాలి. అయితే ఒక మాట దాచలేం. ఇటువంటి క్లబ్బుల్లో సభ్యత్వం సామాన్యుడికి అందేది కాదు. పడవలూ ఖరీదైనవే.

కరవు పల్లె నుంచి ఒలింపిక్స్‌కు

మరి నీళ్లు లేని ఊళ్ల పిల్లలకు దారేది? రోయింగులో భారత్ తరఫున 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లిన ఏకైక క్రీడాకారుడు దత్తు బబన్ భోకనాళ్ కథే దీనికి జవాబు. మహారాష్ట్ర నాసిక్ జిల్లాలోని తాలెగావ్ రోహీ కరవు పల్లె. తండ్రితో కలిసి బావులు తవ్విన దత్తు 2012లో సైన్యంలో చేరారు. తెడ్డు పట్టింది ఆ తర్వాతే. రియోలో ఆయన 13వ స్థానంలో నిలిచారు. 2018 ఆసియా క్రీడల్లో నలుగురు సాగే స్కల్స్ పోటీలో బంగారు పతకం గెలిచిన జట్టులో ఆయన ఒకరు.

సైన్యమే ఇందులో ప్రధాన బడి. పొడవైన, ఊపిరి బలమున్న కుర్రాళ్లను ఎంచి పుణె కేంద్రంలో తీర్చిదిద్దుతున్నారు. సాధన ఎప్పుడూ నీటి మీదే సాగనక్కరలేదు. ఎర్గోమీటర్ అనే యంత్రం మీద, నేల మీదే కూర్చుని బలం పరీక్షించుకోవచ్చు. పడమటి మండలాల నుంచి సైన్యంలో చేరే యువకులు ఈ సంగతి తెలుసుకుని వెళ్తే నష్టం లేదు. నీటి పరిస్థితిలోనూ కొంత మార్పు వచ్చింది. హంద్రీ - నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు 2025 ఆగస్టులో కుప్పం ప్రాంతంలోని పరమసముద్రం చెరువుకు చేరాయి. సాగు, తాగునీటి అవసరాలు తీరాకే ఆటల మాటగాని, నిండిన చెరువు కంటికి కనబడుతున్నప్పుడు ఆలోచన రాక మానదు.

రాయలసీమ వాసి ఒకరు ఇప్పటికే ఆ దారిలో నడిచారు. నంద్యాల జిల్లాకు చెందిన కొంగనపల్లె నారాయణ సైనికుడు. 2015లో జమ్మూకశ్మీరులో మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత పుణెలో తెడ్డు పట్టారు. 2023 అక్టోబరులో హాంగ్జౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో అనితతో కలిసి మిశ్రమ జంటల స్కల్స్‌లో రజతం సాధించారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఈ జంట 8వ స్థానంలో నిలిచింది.