కౌండిన్య అడవిలో పులికంప

ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు కలిసే రామకుప్పం, కుప్పం, పలమనేరు ప్రాంతపు అడవుల్లో ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ పూలతో కనిపించే పులికంప ఈ నేల మొక్క కాదు. లాంటానా కామరా అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ పొద ఉష్ణమండల అమెరికాలో పుట్టింది; 19వ శతాబ్దపు తొలి ఏళ్లలో అలంకారం కోసం కలకత్తా వృక్షోద్యానానికి వచ్చి, అక్కడి నుంచి కంచెలకూ, కంచెల నుంచి అడవులకూ వ్యాపించింది.

దీని కాండం నలుపలకలుగా ఉండి, వెనక్కి వంగిన ముళ్లతో పక్క చెట్టును పట్టుకొని పైకి పాకుతుంది. ఆసరా దొరకనిచోట తనమీద తానే అల్లుకొని మనిషి దూరలేనంత గుబురుగా మారుతుంది. పరాగసంపర్కం జరిగిన పువ్వు రంగు మార్చుకొని కూడా రాలిపోదు కనుక, ఆ ముదురు రంగులు సీతాకోకచిలుకలను దూరం నుంచే పిలుస్తాయి, దగ్గరికి వచ్చినవి తేనె ఉన్న పసుపు పూలపై వాలతాయి. నల్లగా పండిన కాయలను పిగిలిపిట్టలూ గోరువంకలూ తిని, గింజలను అడవంతా వెదజల్లుతాయి. ఆకుల్లోని లాంటాడీన్లు అనే విషపదార్థాలు పశువుల కాలేయాన్ని దెబ్బతీసి, ఎండ తగిలిన చర్మంపై పుండ్లు పుట్టిస్తాయి. అందువల్ల మందలు చుట్టూ ఉన్న గడ్డిని మేసి దీనిని వదిలేస్తాయి, ఆ ఖాళీ కూడా దీనికే దక్కుతుంది.

ఈ నష్టం ఇక్కడ ఏనుగుల దాకా వెళుతుంది. 1980లలో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు తిరిగి రావడంతో 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. వాటికి కావలసింది గడ్డి, వెదురు. పులికంప కమ్మిన నేలలో ఆ రెండూ మొలవడం కష్టం. ఏనుగులు చెరకు, అరటి, వరి పొలాల్లోకి దిగడానికి కారణాలు చాలా ఉన్నా, మేత తగ్గడం వాటిలో చిన్నది కాదు. కందకాలకూ, సోలార్ కంచెలకూ, కుంకీలకూ, అంటే అడవి ఏనుగులను మళ్లించే శిక్షణ పొందిన ఏనుగులకూ, ఇచ్చే శ్రద్ధలో కొంతైనా అడవి లోపలి గడ్డికి దక్కాలి.

పులికంపను నరికినా, కాల్చినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతిలో, నేల మట్టానికి కొన్ని సెంటీమీటర్ల కింద, చిగుళ్లు పుట్టే భాగానికి దిగువన తల్లివేరును కోసి, పొదను తలకిందులుగా పడవేసి ఎండబెడతారు. తర్వాత పక్షులు వాలే చెట్ల కింద మొలిచే పిల్లమొక్కలను పీకుతూ, ఖాళీ అయిన నేలలో స్థానిక గడ్డి విత్తనాలు చల్లుతారు. ఈ రెండో పని వరసగా కొన్ని వానాకాలాలు సాగకపోతే మొదటి పనికి పెట్టిన కూలి అంతా వృథా అవుతుంది.