ఎర్రదీపం ఏమి చెబుతున్నది? – గీజరు, బాయిలరు సంకేతాలు

ఒకనాడు తెలుగింటి పెరట్లో రాగి బాయిలరు ఉండేది. నడుమనున్న గొట్టంలో బొగ్గులో, కొబ్బరి చిప్పలో వేసి రాజేస్తే చుట్టూ ఉన్న నీరు కాగేది. దానికి దీపాలు లేవు, అంకెలు లేవు. పొగను చూసి నిప్పు స్థితినీ, నీటి చప్పుడును విని కాగిన తీరునూ ఇల్లాలు గ్రహించేది. నేడు ఆ స్థానాన్ని స్నానాలగది గోడకు తగిలించిన గీజరు ఆక్రమించింది. ఇందులో నిప్పు కంటికి కనబడదు, పొగ రాదు. లోపల జరుగుతున్నదంతా ఒక ఎర్రదీపం, ఒక పచ్చదీపం, కొన్నింటిలో రెండంకెల ఫలకం ద్వారానే మనకు తెలియాలి. ఆ భాష తెలియని ఇంట యంత్రం ఎంత మొరపెట్టుకున్నా వినేవారుండరు. ఆ మొర వినకపోవడం వల్ల ఒక్కొక్కసారి ప్రాణాలకే ముప్పు వాటిల్లుతుంది. కనుక ఈ సంకేతాలను గురించి నాలుగు మాటలు తెలుసుకోవడం ప్రతి గృహస్థుకూ అవసరం.

ద్వీపాలలో ప్రత్యేక పరిస్థితి

అండమాన్‌లో విధులు నిర్వహించే ఉద్యోగులకు అబర్డీన్ బజార్‌ను పరిచయం చేయనక్కరలేదు. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నగరానికి అది గుండెకాయ వంటిది. గడియార స్తంభం చుట్టూ ఉన్న ఆ వీధులలో హిందీ, బెంగాలీ, తమిళంతోపాటు తెలుగు కూడా వినవస్తుంది. ఇక్కడి ఎండకు వేడినీటితో పనేమిటని కొందరనుకోవచ్చు. ఎడతెరిపి లేని వానలు పట్టినప్పుడు పసిపిల్లలకూ, బాలింతలకూ, కీళ్లనొప్పుల వృద్ధులకూ వేడినీటి విలువ తెలుస్తుంది.

ప్రధాన భూభాగంలో లేని మూడు చిక్కులు ఇక్కడ ఉన్నాయి. మొదటిది విద్యుత్తు. ఈ ద్వీపాలకు దేశపు విద్యుత్ గ్రిడ్‌తో అనుసంధానం లేదు. సౌరవిద్యుత్తు, ఉత్తర అండమాన్‌లోని కల్పోంగ్ జలవిద్యుత్తు కొంతమేరకు తోడ్పడుతున్నా ప్రధాన ఆధారం డీజిల్ జనరేటర్లే. రెండవది నీరు. ధనికారి జలాశయంపై ఆధారపడిన నగరంలో వర్షాభావ మాసాలలో కుళాయి నీరు ప్రతిదినం రాదు. మూడవది ఉప్పుగాలి. అది తీగల కొసలను, మరలను, ప్లగ్గులను తుప్పు పట్టిస్తుంది. వీటికి తోడు సామగ్రి అంతా చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నాల నుండి ఓడలపై రావలసిందే. బజారులో దొరకని భాగం కోసం ఓడ వచ్చేదాకా వేచియుండాలి. అందుచేత ఏది స్వల్పదోషమో, ఏది ప్రమాద సూచికో గుర్తించగల జ్ఞానం ఇక్కడివారికి మరింత ఉపయోగకరం.

దీపాల భాష

నీటిని నిల్వచేసి కాచే గీజర్లలో సాధారణంగా ఒక దీపం విద్యుత్తు అందుతున్నదని, మరొకటి నీరు కాగుతున్నదని తెలుపుతాయి. పలు రకాలలో ఎర్రదీపం కాగుతున్న స్థితికి, పచ్చదీపం నీరు సిద్ధమైన స్థితికి గుర్తు. అయితే ఈ రంగులు అన్ని కంపెనీలకూ ఒకటి కావు. కొన్న నాడే చిన్న పుస్తకం తెరచి సరిచూసుకోవాలి.

కాగుతున్న దీపం ఎంతసేపు వెలగాలి? ఒక చిన్న లెక్క చూద్దాం. 15 లీటర్ల గీజరులో 27 డిగ్రీల నీటిని 55 డిగ్రీలకు కాచడానికి 2 కిలోవాట్ల కాయిల్‌కు సుమారు 15 నిమిషాలు పడుతుంది. ఇది 230 వోల్టులున్నప్పటి మాట. వోల్టేజి 180కి పడిపోతే కాయిల్ శక్తి అదే నిష్పత్తిలో కాక, వోల్టేజి వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది. 2 కిలోవాట్ల కాయిల్ సుమారు 1.2 కిలోవాట్ల పనే చేస్తుంది. అప్పుడు అదే నీటికి 24 నిమిషాలు కావాలి. కాబట్టి సాయంవేళ దీపం ఆలస్యంగా ఆరినంత మాత్రాన గీజరు చెడినట్లు కాదు. కుళాయి కట్టివుండగా గంట దాటినా దీపం ఆరకపోతే మాత్రం అనుమానించాలి. నీరు సలసల కాగుతూ దీపం ఆరకుంటే థర్మోస్టాట్ పనిచేయడం లేదని అర్థం. వెంటనే స్విచ్ ఆపి మెకానిక్‌ను పిలవాలి. దీపం వెలుగుతూ నీరు గోరువెచ్చగానే ఉంటే కాయిల్‌పై సున్నపు పొర పేరుకొనడమో, కాయిల్ తెగిపోవడమో కారణం కావచ్చు.

ఏ దీపమూ వెలగనప్పుడు ముందుగా ఎం.సి.బి. పడిపోయిందేమో చూడాలి. అది సక్రమంగా ఉంటే గీజరులోని థర్మల్ కటౌట్ తెగి ఉండవచ్చు. నీరు మితిమీరి కాగినప్పుడు విద్యుత్తును తెంచివేసే కాపలాదారు అది. పలు గీజర్లలో దానిని చేతితో మళ్లీ నొక్కాలి. మూత విప్పి చేయవలసిన పని కనుక మెకానిక్‌కు వదలడమే మేలు. అది మాటిమాటికీ తెగుతుంటే దోషం కటౌట్‌ది కాదు, థర్మోస్టాట్‌ది కావచ్చు. విసిగిపోయి కటౌట్‌ను తొలగించి తీగలను నేరుగా కలిపించుకోవడం కాపలాదారును పంపివేసి తలుపు తెరచి నిద్రించడం వంటిది.

కొత్త గీజరు అమర్చినప్పుడు గాని, మరమ్మతు తరువాత గాని వేడినీటి కుళాయి తెరచి, అందులోనుంచి నీరు ధారగా వచ్చేదాకా స్విచ్ వేయరాదు. తొట్టి నిండలేదంటే కాయిల్ గాలిలో ఎర్రగా కాలి మాడిపోతుంది. నీరు వెనుకకు జారిపోకుండా ఆపే కవాటం చెడితే, కుళాయి నీరు ఆగిన రోజులలో నిండుతొట్టి కూడా ఖాళీ కావచ్చు. నీటి సరఫరా తిరిగి వచ్చిన ప్రతిసారీ ఈ నియమాన్ని పాటించడం ద్వీపవాసులకు క్షేమకరం.

కవాటం నుండి కారే నీరు

గీజరు అడుగున చల్లనీరు ప్రవేశించే చోట ఒక భద్రతా కవాటం ఉంటుంది. నీరు కాగేవేళ దానినుండి బొట్లు కారితే చాలామంది కంగారుపడతారు. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 15 లీటర్ల నీరు 27 నుండి 55 డిగ్రీలకు చేరితే దాదాపు ఒక గ్లాసెడు, అనగా 160 మిల్లీలీటర్ల నీరు అదనంగా చోటు కోరుతుంది. ఆ నీరే బయటికి వస్తుంది. అది దోషం కాదు. కాగనివేళ కూడా ధార ఆగకపోతే కవాటం మార్పించాలి. కారుతున్నదని గుడ్డకుక్కడం, బిరడా బిగించడం మాత్రం ఆత్మహత్యా సదృశం. నీరు ఆవిరిగా మారితే సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. థర్మోస్టాట్, కటౌట్ రెండూ విఫలమై ఈ మార్గం కూడా మూసుకుపోతే ఆ తొట్టి బాంబుతో సమానం.

అంకెల ఫలకం

అంకెల ఫలకం ఉన్న గీజర్లలో మామూలుగా నీటి ఉష్ణోగ్రత కనిపిస్తుంది. దోషం కలిగినప్పుడు ఇ-1, ఇ-2, ఇ-3 వంటి అక్షరాంకెలు మెరుస్తాయి. ఉష్ణోగ్రతను కొలిచే సెన్సరు చెడుట, నీరు లేకుండా కాయిల్ కాలుట, నీరు మితిమీరి కాగుట, విద్యుత్తు లీకగుట వీటిలో సాధారణమైనవి. ఒక కంపెనీలో ఇ-1 సెన్సరు దోషమైతే మరొకదానిలో అది వేరొకటి కావచ్చు. పొరుగింటివారి అనుభవాన్నిబట్టి అర్థం చెప్పుకోరాదు. ఆ పుస్తకంలోని దోషసూచిక పుట నకలు తీసి స్విచ్‌బోర్డు ప్రక్కన అంటించడం ఉత్తమం. మెకానిక్‌కు ఫోను చేసేటప్పుడు ఆ అంకెను చెబితే తగిన భాగం వెంట తెచ్చుకుంటాడు. ఆపి వేయడంతో అంకె మాయమవుతుంది గనుక, ఆపే ముందే దానిని కాగితంపై వ్రాసుకోవాలి.

విద్యుత్తు లీకును పట్టే ఆర్.సి.సి.బి. అనే పరికరం కూడా ఒక విధమైన సంకేతమే ఇస్తుంది. గృహాలలో 30 మిల్లీయాంపియర్ల రకం వాడుక. గీజరు వేయగానే అది పడిపోయి, గీజరు ప్లగ్గు తీసివేస్తే నిలిచియుంటే, లీకు గీజరులోనే ఉన్నదన్నమాట. అటువంటప్పుడు దాన్ని పదేపదే పైకెత్తడం ప్రమాదం. దానిపై ఉన్న పరీక్ష మీటను నెలకొకమారు నొక్కి చూడాలి. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 యాంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది కనుక 16 యాంపియర్ల ప్లగ్గు, చక్కని ఎర్తింగు తప్పనిసరి. ఉప్పుగాలికి ఎర్తు తీగ తుప్పు పట్టలేదని ఏటేటా పరీక్షించుకోవాలి.

గ్యాసు గీజరు: కనబడని శత్రువు

గ్యాసు గీజరులో నిప్పురవ్వకు సాధారణంగా బ్యాటరీలే ఆధారం. కుళాయి తిప్పగానే టకటక శబ్దం వచ్చి మంట పుట్టకపోతే బ్యాటరీలు నీరసించినవేమో, సిలిండరు ఖాళీయేమో చూడాలి. శబ్దమే రాకపోతే బ్యాటరీలు పూర్తిగా అయిపోవడమో, నీటి ఒత్తిడి చాలకపోవడమో కారణం. తగినంత ఒత్తిడి లేనిదే గ్యాసు వదలకుండా అందులో ఏర్పాటున్నది. మంట నీలంగా ఉండాలి. పసుపు పచ్చగా మారితే గాలి చాలడం లేదని సంకేతం.

అన్నిటికంటె పెద్ద ప్రమాదాన్ని ఏ దీపమూ చెప్పదు. గాలి చాలక మంట సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, తలతిరుగుడు దాని లక్షణాలు. స్పృహ తప్పేంతవరకు మనిషికి అనుమానమే రాదు. తలుపులు మూసిన స్నానాలగదులలో గ్యాసు గీజర్ల వల్ల మన దేశంలో ఎందరో మరణించారు. గ్యాసు గీజరును స్నానాలగది వెలుపల, గాలి ఆడే చోట అమర్చాలి. లోపల తల తిరిగినట్లనిపిస్తే, ఎంత చిన్న అనుమానమైనా, తక్షణం వెలుపలికి రావాలి.

మరొక అబర్డీన్

స్కాట్లాండులోనూ ఒక అబర్డీన్ ఉన్నది. ఉత్తర సముద్రపు చమురుకు ప్రసిద్ధిగాంచిన ఆ నగరంలోనూ, బ్రిటన్‌లోని ఇతర నగరాలలోనూ చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లే మన పిల్లలు వంటగది గోడపై మరొక యంత్రాన్ని చూస్తారు. అదే ఇంటి బాయిలరు. కుళాయి నీటినే కాక, గదులను వెచ్చబరిచే రేడియేటర్ల నీటిని కూడా అది కాస్తుంది. మంచు కురిసే రాత్రి అది ఆగిపోతే చలి భరించరానిదవుతుంది. పిల్లలను పంపే తల్లిదండ్రులు తెలుసుకోదగిన విషయాలివి.

ఫలకంపై కుళాయి బొమ్మ స్నానపు నీటిని, రేడియేటరు బొమ్మ గదుల వేడిని, మంట బొమ్మ బర్నరు మండుతుండడాన్ని సూచిస్తాయి. మంచురేకు బొమ్మ గడ్డకట్టకుండా చేసే రక్షణకు గుర్తు. పానా బొమ్మ మరమ్మతును కోరుతుంది. గుండ్రని బాణం రీసెట్ మీటకు గుర్తు. దానిని పుస్తకంలో చెప్పినన్నిసార్లే నొక్కాలి. మళ్లీ ఆగితే పనివానిని పిలవాలి తప్ప, నొక్కుతూ పోరాదు.

ఒత్తిడిని బార్‌లలో చూపుతారు. పది మీటర్ల ఎత్తున ఉన్న నీళ్లట్యాంకు ఇచ్చే ఒత్తిడి సుమారు ఒక బార్. చల్లగా ఉన్నప్పుడు బాయిలరు ఒత్తిడి 1 నుండి 1.5 బార్‌ల మధ్య ఉండడం మామూలు. అంతకు తగ్గితే పుస్తకంలో చెప్పిన రీతిగా నీరు నింపాలి. నింపిన కొద్ది రోజులకే మళ్లీ పడిపోతుంటే ఎక్కడో కారుతున్నది. గట్టి చలిలో గుడగుడ శబ్దంతో ఆగిపోతే, బయటికి పోయే సన్నని నీటిగొట్టం గడ్డకట్టి ఉండవచ్చు. దానిపై గోరువెచ్చని నీరు పోయాలి. మరిగే నీరు పోయరాదు.

గ్యాసు వాసన వస్తే స్విచ్‌లు తాకరాదు, అగ్గిపుల్ల వెలిగించరాదు. కిటికీలు తెరచి, మీటరు వద్ద గ్యాసు కట్టి, వెలుపలికి వచ్చి 0800 111 999కు ఫోను చేయాలి. ఆ దేశంలో గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవారే బాయిలరు విప్పాలి. అద్దె ఇంటి గ్యాసు పరికరాలను ఏటేటా పరీక్షింపజేసి, ఆ పత్రం నకలును అద్దెదారుకు ఇవ్వడం 1998 నాటి నిబంధనల ప్రకారం ఇంటి యజమాని బాధ్యత. అద్దెకు దిగేటప్పుడే ఆ పత్రాన్ని అడగమని పిల్లలకు చెప్పండి. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి కూతపెట్టే అలారం ఆ ఇంట ఉన్నదేమో కూడా చూసుకోమనండి.

గృహస్థులకు మనవి

గీజరు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర చూడండి. స్నానానికి ముందే నీరు కాచి, స్విచ్ ఆపి లోపలికి వెళ్లండి. ఊరికి వెళ్లేటప్పుడు ఎం.సి.బి. దించండి. దోషం ఎదురైతే ముందు ఆపడం, తరువాత వ్రాసుకున్న అంకెను పుస్తకంలో చూడడం, ఆ పిదప తెలిసినవారిని పిలవడం అనే వరుసను ఇంటిల్లిపాదికీ నేర్పండి. ఇంట్లో అందరికంటె చిన్నవారికి కూడా ఏ స్విచ్ ఆపాలో తెలిసి ఉండాలి.

కర్మాగారంలో హెచ్చరిక దీపం వెలిగితే మనం పని ఆపి కారణం వెదుకుతాము. అక్కడ పాటించే ఆ క్రమశిక్షణ ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోరాదు. గోడమీది చిన్న దీపం కూడా మన కుటుంబ క్షేమం కోసమే వెలుగుతున్నదని గుర్తిస్తే, అది చెప్పే మాట మనకు తప్పక వినబడుతుంది.