కంకణానికి తీగ చుట్టే యంత్రం

భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాలలో కంకణాకారపు తీగచుట్ట బొమ్మను మన విద్యార్థులు చూచియే ఉంటారు. దానిలోని అయస్కాంత అభివాహాన్ని గూర్చి అడిగితే తడుముకొనక చెప్పగలరు. కాని అతుకు లేని ఆ కంకణపు రంధ్రం గుండా వందలకొలది చుట్ల తీగ ఎట్లు ఎక్కినదని అడిగితే మౌనమే సమాధానం. తెలుగు బోధించుకొనే మాకు ఈ విషయంతో ఏమి పని అని కొందరు నవ్వవచ్చును. ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల నుండి వచ్చే విద్యార్థులు మా తరగతులలో ఉన్నారు. వారి తండ్రులు, అన్నలు చేతులతో ఎరిగిన విద్య తెలుగు పుటలపైకి అంతగా రాలేదన్నదే మా చింత.

సామాన్యమైన ట్రాన్స్‌ఫార్మరుకు తీగ చుట్టడం సులభం. ముందుగా బాబినుపై తీగ చుట్టి, తరువాత ఇనుప రేకులను అందులో దూర్చుతారు. కంకణానికి ఆ వీలు లేదు. సిలికాన్ ఉక్కు పట్టీని చాప చుట్టినట్లు బిగించి చేసిన ఆ వలయంలో ఎక్కడా సందు ఉండదు. సందు లేకపోవడమే దాని గుణం కూడ: అభివాహం అంతగా వెలికి చిందదు, రొద తక్కువ, బరువు తక్కువ. 1961లో స్థాపితమై ఉప్పల్ రోడ్డున ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ భూమి అయస్కాంత క్షేత్రాన్ని పరిశీలిస్తుంది. అట్టి పనికి వాడే ఫ్లక్స్‌గేట్ మాగ్నెటోమీటర్లలో ఒక రకానికి గుండెకాయ చిన్న కంకణమే.

1831 ఆగస్టు 29న విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న ఫారడే వాడినది 6 అంగుళాల వ్యాసం గల ఇనుప కంకణం. ఎనామిల్ తీగ లేని రోజులవి. చుట్టుకు చుట్టుకు మధ్య దారం, పొరకు పొరకు మధ్య గుడ్డ ఉంచి ఆ కమ్మరి బిడ్డ చేతితోనే చుట్టుకొన్నాడు.

నేటి లెక్క చూడండి. మధ్యచ్ఛేద వైశాల్యం 15 చదరపు సెంటీమీటర్లు గల కంకణానికి, 50 హెర్ట్జ్ విద్యుత్తుపై, అభివాహ సాంద్రత 1.2 టెస్లా అనుకొంటే, వోల్టుకు రెండున్నర చుట్లు కావలెను. అనగా 230 వోల్టులకు 575 చుట్లు. చుట్టుకు 18 సెంటీమీటర్ల వంతున 104 మీటర్ల తీగ! దానిని సాలెవాని నాడెవంటి చెక్కకు ఎక్కించి, 575 పర్యాయములు రంధ్రంలో దూర్చి తీయవలెను. ఇది ప్రాథమిక చుట్ట మాత్రమే.

నాడె అనగానే ఆసు గుర్తు వస్తున్నది. ఉప్పల్ మీదుగా వరంగల్లు పోయే దారిలోనే ఆలేరు ఉన్నది. ఆ ప్రాంతపు చింతకింది మల్లేశం, ఒక్కొక్క చీరకు వేలసార్లు చేయి ఆడించి ఆసు పోసే తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు. 2017లో పద్మశ్రీ పొందారు. నూలైనా రాగియైనా చుట్టేవారి నొప్పి ఒకటే.

కంకణపు యంత్రానికి మూలసూత్రం మిక్కిలి సులువు: తీగకండెయే మరొక వలయమై, గొలుసులోని రెండు లంకెలవలె కంకణం గుండా తిరుగవలెను. నాచారంలో మేము చూచిన యంత్రంలో ఆ వలయం పాత సైకిలు రిమ్ము! రిమ్ములో ఒక చిన్న ముక్కను కోసి, తీసి పెట్టుకొనే తలుపువలె మరలతో అమర్చారు. తలుపు తీసి కంకణాన్ని లోనికి దూర్చి, మరల బిగిస్తారు. చెక్క పలకపై మూడు బేరింగుల నడుమ రిమ్ము నిలుస్తుంది. కుట్టుమిషను మోటారు దానిని త్రిప్పుతుంది.

పని రెండు దశలు. మొదట కావలసిన తీగనంతా టైరు కూర్చుండే గాడిలోనికి చుట్టుకొంటారు. చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు గనుక 55 చుట్లతో మన 104 మీటర్లు నిండుతాయి. వేరే కొలబద్ద అక్కరలేదు. తరువాత తీగకొనను రిమ్ము అంచున జారే చిన్న కప్పీ మీదుగా తెచ్చి కంకణానికి కట్టి, రిమ్మును త్రిప్పుతారు. రిమ్ము ఒకసారి తిరిగితే కంకణంపై ఒక చుట్టు పడుతుంది. నిల్వలో 18 సెంటీమీటర్లే తరుగుతుంది. రబ్బరు చక్రాలపై ఆనిన కంకణం మెల్లగా జరుగుతుంటే చుట్లు ప్రక్క ప్రక్కన కూర్చుంటాయి.

లెక్కకు చేసిన ఉపాయం మమ్ము ముగ్ధులను చేసినది. రిమ్ముకు అయస్కాంతపు తునక, ప్రక్కన ఒక రీడ్ స్విచ్చి, దాని తీగలు పాత కాలిక్యులేటరు సమానపు మీటకు! ఒకటికి ఒకటి కలిపి వదిలితే, ప్రతి చుట్టుకు ఒక అంకె పెరుగుతుంది. “లెక్క మిషను పెడ్తది సార్, బిగువు మాత్రం వేలే చెప్పాలె” అన్నాడు అక్కడి ఉస్తాదు. వదులైతే చుట్లు జారుతాయి. బిగువైతే సన్నతీగ సాగి తెగుతుంది.

కంకణపు అంచులు వాడిగా ఉంటాయి కావున ముందే పాలిస్టరు టేపు చుట్టకపోతే ఎనామిల్ గీసుకొని పోతుంది. బిగింపుకు నడుమ దూర్చిన బోల్టు రెండు కొనలును లోహపు పెట్టెకు తగులరాదు. తగిలితే అదియే ఒక పొట్టి చుట్టై కాలిపోతుంది. తొలిసారి విద్యుత్తు ఇచ్చేటప్పుడు 100 వాట్ల ఫిలమెంటు బల్బును శ్రేణిలో కలుపవలెను, అదియును పెద్దలు దగ్గర ఉన్నప్పుడే. ద్వితీయ చుట్ట కొనలు విడిగా ఉండగా బల్బు క్షణమాత్రం మెరసి ఆరితే చుట్ట సరిగా ఉన్నట్లు. వెలుగుతూనే ఉంటే లోపల ఎచ్చటనో రెండు చుట్లు తాకినవి, విప్పవలసినదే.