కొండమీది విడిది, కొండకింది తీరం

అండమాన్ రాజధాని రేవుకు ఉత్తరపు ఒడ్డున, దట్టమైన అరణ్యం కప్పుకొని ఒక కొండ నిలిచి ఉంది. ఎత్తు సుమారు 365 మీటర్లు. దాని పాదాల చెంత, నీటి అంచున హోప్ టౌన్ అనే చిన్న పల్లె ఉంది. ఆ పేరుకు ‘ఆశాపురం’ అని అర్థం. అయితే ఆ పేరు వచ్చిన కాలంలో అక్కడ నివసించినవారు ద్వీపాంతర శిక్ష అనుభవిస్తున్న ఖైదీలు.

1857 తిరుగుబాటులో శిక్షపడిన వారిలో తొలి బృందాన్ని ఆంగ్ల ప్రభుత్వం 1858 మార్చిలో ఈ దీవులకు చేర్చింది. అడవులు నరికిందీ, బాటలు వేసిందీ ఖైదీలే. 1862 నుండి 1864 వరకు ఇక్కడ సూపరింటెండెంటుగా ఉన్న రాబర్ట్ టైట్లర్ భార్య హారియట్ పేరు ఈ కొండకు పెట్టారు. ఢిల్లీ ముట్టడిని కళ్ళారా చూసి బయటపడిన మహిళ ఆమె. ఆ పోరులో ఓడినవారి చెమట చిందిన నేలమీద ఆమె పేరే నిలిచింది!

పాలనా కేంద్రమైన రాస్ ద్వీపంలో ఉక్క పెరిగినప్పుడు దొరలు ఈ కొండను ఆశ్రయించేవారు. కాలక్రమాన ఇది చీఫ్ కమిషనర్ వేసవి విడిదిగా ప్రసిద్ధికెక్కింది. ఆ విడిదికి దారి హోప్ టౌన్ రేవు మీదుగానే. పైన చల్లగాలి, సముద్ర దర్శనం. కింద ఖైదీ బతుకు. రెంటినీ కలిపింది ఒక్క కొండబాట.

1872 ఫిబ్రవరి 8న ఆ బాటనే వైస్రాయి లార్డ్ మేయో ఎక్కాడు. రోగులైన ఖైదీలకు ఆరోగ్యకేంద్రం స్థాపించడానికి ఈ కొండ అనువైనదో కాదో చూడాలని ఆయన సంకల్పం. శిఖరంపై సూర్యాస్తమయం తిలకించి దిగేసరికి చీకటి పడింది. దివిటీల వెలుగులో పడవ ఎక్కబోతుండగా, క్షురకవృత్తి చేసుకొనే షేర్ అలీ అనే పఠాన్ ఖైదీ కత్తితో పొడిచాడు. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయి మేయో ఒక్కడే. షేర్ అలీని వైపర్ ద్వీపంలో ఉరితీశారు.

ఆ రాత్రితో, పెద్దగా ఎవరికీ తెలియని హోప్ టౌన్ పేరు లండన్ దాకా పాకింది. అదే ఏడాది దీవుల పాలన చీఫ్ కమిషనర్ చేతికి వచ్చింది. 1874లో సర్ హెన్రీ నార్మన్ వచ్చి ఈ స్థావరాన్ని పరిశీలించిన పిమ్మట క్రమశిక్షణ మరింత బిగిసింది. ఒకడు చేసిన పనికి తక్కిన ఖైదీలందరూ మూల్యం చెల్లించారు.

పాలకులకు విహారస్థలమైన ఈ కొండే మరికొందరికి చెర అయింది. 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ మహారాజు కులచంద్ర సింగ్‌ను, ఆయన సహచరులను ఇక్కడే ఉంచారు. అప్పటికి సెల్యులార్ జైలు ఇంకా కట్టలేదు. వారి స్మృత్యర్థం 2021లో ఈ కొండకు మౌంట్ మణిపూర్ అని నామకరణం చేశారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీవిజయపురం అయింది.

నేడు విడిది శిథిలమైంది. చుట్టూ జాతీయ ఉద్యానవనం. ఈ కొండ దృశ్యం, దీపస్తంభంతో సహా, 2001 నాటి 20 రూపాయల నోటు వెనుక అచ్చయి సామాన్యుడి జేబులోకి చేరింది. దొరల విడిది పోయింది, కొండ పేరు మారింది. కొండకింది పల్లెను మాత్రం జనం నేటికీ హోప్ టౌన్ అనే పిలుస్తున్నారు.