అమ్మబోయే ఇంటికి మరమ్మతులు

ఇల్లు కట్టి చూడమన్నారు గాని, అమ్మి చూడమని మన పెద్దలెవరూ చెప్పలేదు. వారికా అవసరం కలుగలేదు కాబోలు. 1953లో తుంగభద్ర ఆనకట్టలో నీరు నిలిచి, క్రమంగా ఎడమ కాలువ కింద నేల సాగుకు వచ్చిన తరువాత, కోస్తా జిల్లాల నుండి వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతాలలో క్యాంపులు వేసుకున్న మనవారు మొదట పాకలలో కాపురముండి, తరువాత డాబాలు కట్టుకున్నారు. ఆ డాబాలలో ఎన్నింటిలోనో నేడు మిగిలినది ఇద్దరు పెద్దవాళ్ళు, తాళం వేసిన గదులూను. పిల్లలు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నారు. “ఇంకో అయిదారేళ్ళు ఇక్కడే ఉండి, ఆపైన అమ్మేద్దాం” అన్న మాట ఇంటింటా వినిపిస్తున్నది. అంతవరకు ఆ ఇంటిమీద డబ్బు పెట్టవచ్చునా, పెడితే దేనిమీద అన్నదే ప్రశ్న.

మొదట, కొనేవాడు దేనికి ధర కడతాడో చూడవలె. నలభై ఏళ్ళ నాటి ఇల్లయితే అతడు చూచేది స్థలమే. వీధి వెడల్పు, మూల కలిసిందా లేదా, నీటి వసతి, ఇవే లెక్క. చాలామంది పాతది పడగొట్టి కొత్తది కట్టుకుంటారు. అటువంటి ఇంట్లో షాబాదు బండలు పెరికించి ఇల్కల్ గ్రానైటు పరిపిస్తే, ఆ సొమ్ము గునపం పాలవుతుంది. పైగా మన ఎండలకు షాబాదు బండ చల్లగా ఉంటుంది. దానిని తీయించడం నాకెప్పుడూ అర్థం కాని ముచ్చట.

ఇల్లు ఇంకా పటిష్ఠంగా ఉండి, కొన్నవాడు అందులోనే కాపురముంటాడనుకుంటే లెక్క వేరు. అప్పుడు ముందు చూడవలసింది నీరు. మన వైపు చాలాచోట్ల రేగడి నేల. వానకు ఉబ్బుతుంది, వేసవికి కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. పునాది దానితోపాటు కదలుతుంది, గోడ పగులుతుంది. అమ్మకానికి పెట్టబోతూ ఆ పగుళ్ళమీద పుట్టీ పూసి రంగు వేయించేవారున్నారు. కొనేవాడు వెంట తెచ్చుకున్న మేస్త్రీ వేలితో తట్టి చూస్తాడు. కొత్త రంగు కనబడేసరికే అతనికి అనుమానం కలుగుతుంది. ఆ రంగుకు పెట్టిన డబ్బు బేరంలో ఎదురు తిరుగుతుందన్నమాట. దానికి బదులు డాబామీది నీరు గొట్టాల ద్వారా గోడకు దూరంగా పోయేటట్లు చేసి, ఇంటిచుట్టూ మూడడుగుల వెడల్పున, బయటికి వాలుగా కాంక్రీటు వేయించి, గోడ పక్కన కుళాయి నీరు, స్నానాల నీరు ఇంకకుండా కాలువ తీయిస్తే నేల కదలిక చాలావరకు తగ్గుతుంది. రెండు వానాకాలాలు గడిచినా పగులు పెరగకపోతే అప్పుడు పూడ్పించుకోవచ్చును. పెరుగుతూనే ఉంటే ఇంజనీరుకు చూపించవలసిందే. కప్పు కారడం, గోడలకు చెమ్మ, పాత వైరింగు కూడా ఈ జాబితాలోనివే. ఇవి బాగుచేయించినందుకు ఎవడూ ఎక్కువ ఇవ్వడు. చేయించకపోతే మాత్రం దానికయ్యే ఖర్చుకు రెట్టింపు తగ్గించి అడుగుతాడు.

ఇది మన ఊళ్ళకే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో ఏ మరమ్మతుకు ఎంత తిరిగి వస్తుందో ఏటేటా లెక్క కట్టి ప్రకటిస్తారు. 2024 లెక్కలో అగ్రస్థానం కారు షెడ్డు తలుపు మార్పించడానికి దక్కింది. ఖరీదైన కొత్త వంటగదికి పెట్టినదానిలో సగం కూడా రాలేదు. అక్కడి పిల్లలు “మాడ్యులర్ కిచెన్ వేయిద్దాం నాన్నా” అని పోరినప్పుడు ఈ ముక్క వారికి చెప్పవచ్చును.

అలాగని ప్రతిదానికీ తిరిగివచ్చే రూపాయినే చూడనక్కరలేదు. డెబ్బై దాటిన తల్లికి మోకాళ్ళు నొప్పి అయితే కుర్చీ కమోడు, గోడకు పట్టుకొనే కడ్డీ, జారని బండలు వెంటనే వేయించవలె. ఇంట్లో ఆమె ఉండే ఆ అయిదారేళ్ళకే అది కిట్టుబాటు. కొనేవాడి ఊసే అక్కడ అనవసరం.

కాగితాలను కూడా నేను మరమ్మతులలోనే చేరుస్తాను. కర్ణాటకలో 2024 అక్టోబరు నుండి పట్టణాలలోని ఇళ్ళ రిజిస్ట్రేషనుకు ఈ-ఖాతా ఉండవలె. పల్లెలలో ఈ-స్వత్తు కింద పంచాయతీ ఇచ్చే ఫారాలు కావలె. చాలా క్యాంపులలో ఇళ్ళు పొలం సర్వే నంబరులోనే లేచినవి. పన్ను రసీదు ఒకరి పేర, కరెంటు బిల్లు ఇంకొకరి పేర ఉండడం మామూలు. గ్రానైటుకు పెట్టే డబ్బులో నాలుగోవంతు దీనికి పెట్టి తిరిగినా ఇల్లు అమ్ముడుపోయే స్థితికి వస్తుంది.

రసీదుల మాట ఒకటి. ఇల్లమ్మగా వచ్చిన లాభంమీద పన్ను లెక్కించేటప్పుడు, 2001 ఏప్రిల్ 1 తరువాత ఇంటిని పెంచడానికి, అంటే గది కట్టడం, అంతస్తు వేయడం వంటివాటికి, అయిన ఖర్చు తీసివేయవచ్చును. సున్నానికి, రంగుకు అది వర్తించదు. కనుక మేస్త్రీకి, సిమెంటు కొట్టుకు ఇచ్చిన సొమ్ముకు బిల్లులు భద్రపరచవలె; బ్యాంకు ద్వారా చెల్లిస్తే మరీ మంచిది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పై అంతస్తు. తండ్రి పేరనున్న ఇంటిమీద కొడుకు తన జీతం డబ్బుతో అంతస్తు వేస్తాడు. తండ్రి వీలునామా వ్రాయకుండా పోతే, ఆయన స్వార్జితమైన ఇల్లు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా చెందుతుంది; అమ్మకానికి అందరి సంతకాలూ కావలె. “నేను పెట్టిన డబ్బు ముందు తీసి, మిగిలింది పంచుకుందాం అక్కయ్యా” అని తమ్ముడంటాడు. “ఎప్పుడు పెట్టావురా, ఎవరితో చెప్పి పెట్టావు?” అని ఆమె అడుగుతుంది. ఇద్దరి మాటలోనూ న్యాయమున్నది. పునాది ఆ బరువు మోయగలదో లేదో మేస్త్రీని అడిగిన రోజుననే, తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే, ఎంత పెడుతున్నదీ, అమ్మినప్పుడు ఎంత ముందుగా తీసుకునేదీ కాగితంమీద వ్రాసి, వకీలుకు చూపి, ఆడపిల్లల చేత కూడా సంతకం చేయించుకొని పని మొదలుపెట్టవచ్చును. అక్కయ్య ఒప్పుకోనంటే అంతస్తు మానుకొని, ఆ డబ్బు తన పేర బ్యాంకులో వేసుకోవడం తమ్ముడికి మేలు.