క్లౌడ్ వనరులు, మెటాడేటా – కోడ్‌లో వాటి ప్రాతినిధ్యం: తెలుగు గ్రంథప్రతుల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తాళపత్ర ప్రతులను, పాత ముద్రణలను స్కాన్ చేసి క్లౌడ్ నిల్వలో భద్రపరచినప్పుడు ప్రతి ఫైలూ ఒక ‘వనరు’గా మారుతుంది. ఆ వనరును కోడ్ కొన్ని నియమాల ప్రకారం గుర్తిస్తుంది, వర్గీకరిస్తుంది, వర్ణిస్తుంది. ఈ మూడు పనులూ వేర్వేరు. వాటికి కేటాయించిన స్థానాలూ, పరిమితులూ వేర్వేరు. ఈ భేదాన్ని పాటించకపోతే తెలుగు గ్రంథవివరాలు కుదించుకుపోవడమో, లుప్తమవడమో జరుగుతుంది. క్లౌడ్ వనరుల నిర్మాణాన్ని వివరించి, తెలుగు లిపికి సంబంధించి ఎదురయ్యే సమస్యలను విశ్లేషించి, గ్రంథప్రతుల భద్రతకు అనువైన ఒక అమరికను సూచించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: క్లౌడ్ వనరు, మెటాడేటా, ట్యాగు, యూనికోడ్, తెలుగు లిపి, తాళపత్ర ప్రతులు, డిజిటల్ భద్రత.

1. ఉపోద్ఘాతం

తెలుగు కావ్యాలలో సాధారణంగా ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్య ఉంటుంది. కవి పేరు, వంశం, కావ్యనామం, ఆశ్వాస సంఖ్య అందులో తెలుస్తాయి. నేటి పరిభాషలో దీనిని మెటాడేటా, అంటే సమాచారాన్ని గురించిన సమాచారం అనవచ్చు. తాళపత్ర కట్టకు కట్టిన చీటీ కూడా మెటాడేటాయే. అయితే ఈ రెంటికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. చీటీ ఊడిపోతే కట్ట అనామకమవుతుంది. గద్య మాత్రం గ్రంథంలో భాగం కాబట్టి, ప్రతికి ప్రతి రాసినప్పుడల్లా దానితోపాటే ప్రయాణిస్తుంది. అనేక ప్రతుల కర్తృత్వ నిర్ణయానికి ఈ గద్యలే ఆధారమయ్యాయి.

క్లౌడ్ నిల్వలోనూ ఇదే భేదం మరో రూపంలో కనిపిస్తుంది. ఫైలుకు తగిలించిన ట్యాగు చీటీ వంటిది. ఫైలుతో కలిసి నడిచే వివరపత్రం గద్య వంటిది. ఏ వివరాన్ని ఎక్కడ ఉంచాలన్న నిర్ణయం కేవలం సాంకేతిక నిపుణులది కాదు. గ్రంథస్వరూపం తెలిసిన భాషాపరిశోధకుల నిర్ణయం కూడా అందులో ఉండాలి.

2. వనరు అంటే ఏమిటి?

క్లౌడ్ సేవలో విడిగా సృష్టించడానికి, చూడడానికి, మార్చడానికి, తొలగించడానికి వీలైన ప్రతి అంశమూ ఒక వనరే. సర్వరు, డేటాబేసు, నిల్వ కోసం వాడే బకెట్, ఆ బకెట్‌లోని ఒక్కొక్క ఫైలు ఈ కోవకు చెందుతాయి. 2006 మార్చిలో అమెజాన్ ప్రారంభించిన ఎస్3 నిల్వసేవలో ఫైలును ‘ఆబ్జెక్ట్’ అంటారు. ప్రతి ఆబ్జెక్ట్‌కూ బకెట్‌లో ఒక ‘కీ’ ఉంటుంది. ఆ కీయే దాని పేరు, చిరునామా కూడా.

అమెజాన్ తన వనరులన్నింటికీ ‘ఏఆర్ఎన్’ అనే ఏకరూప గుర్తింపును నిర్ణయించింది. అందులో విభాగం, సేవ, ప్రాంతం, ఖాతా సంఖ్య, వనరు పేరు వరుసగా ఉంటాయి. 2022 నవంబరులో ప్రారంభమైన హైదరాబాద్ ప్రాంతానికి ‘ఏపీ-సౌత్-2’ అనే సంకేతం ఉంది. ఆ ప్రాంతంలోని సర్వరు గుర్తింపులో ఈ సంకేతం కనిపిస్తుంది. ఎస్3 బకెట్ గుర్తింపులో మాత్రం ప్రాంతం, ఖాతా స్థానాలను ఖాళీగా వదులుతారు. వనరు స్వభావాన్ని బట్టి గుర్తింపు నిర్మాణం మారుతుందనడానికి ఇది నిదర్శనం.

3. కోడ్‌లో వనరు స్వరూపం

వనరులను తెరపై మీటలు నొక్కి సృష్టిస్తే, ఎవరు ఏమి చేశారో తర్వాత తెలుసుకోవడం కష్టం. అందుకే వనరులను కోడ్‌గా రాసే పద్ధతి వచ్చింది. అమెజాన్ 2011లో క్లౌడ్‌ఫార్మేషన్‌ను, హ్యాషికార్ప్ సంస్థ 2014లో టెర్రాఫామ్‌ను విడుదల చేశాయి. ఈ కోడ్ ‘ఎలా చేయాలి’ అన్నది చెప్పదు, ‘చివరకు ఏమి ఉండాలి’ అన్నది ప్రకటిస్తుంది.

టెర్రాఫామ్‌లో ప్రతి వనరుకూ రకం, కోడ్‌లోని స్థానిక నామం, లక్షణాల పట్టిక అనే మూడు భాగాలు ఉంటాయి. స్థానిక నామానికీ క్లౌడ్‌లోని అసలు వనరుకూ మధ్య సంబంధాన్ని ‘స్థితి’ ఫైలు నమోదు చేస్తుంది. ఎవరైనా కోడ్‌లో స్థానిక నామాన్ని మాత్రమే మార్చి, ఆ మార్పును విడిగా ప్రకటించకపోతే, పాత వనరును తొలగించి కొత్తదానిని సృష్టించాలని సాధనం భావిస్తుంది. మనిషికి అది పేరు సవరణ. యంత్రానికి ఒక వనరు మరణం, మరొక వనరు జననం.

కుబర్నెటీస్ అనే వ్యవస్థ ఈ సమస్యను మరింత స్పష్టంగా విడదీసింది. అందులో వనరు వివరణకు ఏపీఐ సంస్కరణ, రకం, మెటాడేటా, కోరిన స్థితి అనే భాగాలు ఉంటాయి. ప్రస్తుత స్థితిని వ్యవస్థే నమోదు చేస్తుంది. మెటాడేటా భాగంలో నాలుగు అంశాలు గమనించదగినవి.

అ) పేరు: ఒక పరిధిలో ఒక సమయంలో ఒకే వనరుకు చెందుతుంది. వనరును తొలగిస్తే అదే పేరును మరొకదానికి పెట్టవచ్చు.

ఆ) విశిష్ట గుర్తింపు: వ్యవస్థే కేటాయిస్తుంది. తిరిగి వాడదు.

ఇ) లేబుల్: వనరులను ఎంపిక చేయడానికి, గుంపులు చేయడానికి. విలువ 63 అక్షరాలకు మించరాదు. రోమన్ అక్షరాలు, అంకెలు, కొన్ని విరామచిహ్నాలు మాత్రమే చెల్లుతాయి.

ఈ) వ్యాఖ్య: వర్ణన కోసం. దీని ఆధారంగా వనరులను ఎంపిక చేయరు. తెలుగు వాక్యాలు కూడా రాయవచ్చు. అన్ని వ్యాఖ్యలూ కలిసి 256 కిలోబైట్ల లోపు ఉండాలి.

గుర్తింపు, వర్గీకరణ, వర్ణన అనే మూడు పనులకు మూడు స్థానాలు ఇక్కడ ఏర్పడ్డాయి. గ్రంథప్రతుల విషయంలోనూ ఈ విభజనే మార్గదర్శకం కావాలి.

4. ‘అక్షరం’ – అర్థభేదాలు

క్లౌడ్ సేవల నిబంధనలు అనేకం ‘ఇన్ని అక్షరాలు’ అనే కొలతతో ఉంటాయి. అమెజాన్‌లో సాధారణంగా వనరుకు 50 ట్యాగులు, ఎస్3 ఆబ్జెక్ట్‌కు మాత్రం 10 ట్యాగులు పెట్టవచ్చు. ట్యాగు పేరుకు 128, విలువకు 256 అక్షరాలు గరిష్ఠ పరిమితి. ఆ అక్షరం తెలుగు వ్యాకరణంలోని అక్షరం కాదు.

శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ను పరిశీలిస్తే భేదం తేటపడుతుంది. తెలుగు పాఠకుని లెక్కలో ఆ, ము, క్త, మా, ల్య, ద అనే 6 అక్షరాలు. యూనికోడ్ లెక్కలో అచ్చు, హల్లులు 8, ఉత్వం, దీర్ఘం, రెండు పొల్లులు కలిపి గుర్తులు 4, మొత్తం 12 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి కనుక 36 బైట్లు. ఒకే పేరుకు 6, 12, 36 అనే మూడు కొలతలున్నాయి.

ఏ పరిమితి ఏ కొలతలో ఉందో గమనించడం అవసరం. ఎస్3 కీ పరిమితి 1024 బైట్లు. అందులో 341 తెలుగు సంకేతాలే పడతాయి. ఆబ్జెక్ట్‌కు వాడుకరి జోడించే మెటాడేటా పరిమితి 2 కిలోబైట్లు. అంటే సుమారు 680 తెలుగు సంకేతాలు. మెటాడేటా అంశాల పేర్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఒక ప్రతి స్థితి, పత్రాల సంఖ్య, లేఖకుని వివరం, గద్య పాఠం కలిపితే ఈ స్థలం చాలదు.

కొలత కన్నా లోతైన సమస్య వర్గీకరణది. యూనికోడ్ ప్రతి సంకేతాన్నీ ఒక వర్గంలో చేరుస్తుంది. అచ్చులు, హల్లులు ‘అక్షర’ వర్గానికి, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న ‘చిహ్న’ వర్గానికి చెందుతాయి. అమెజాన్ వారి అనేక సేవల పత్రాలలో ట్యాగు విలువకు ఇచ్చిన నమూనా అక్షరవర్గాన్ని, అంకెలను, ఖాళీలను, కొన్ని విరామచిహ్నాలను పేర్కొంటుంది, చిహ్నవర్గాన్ని పేర్కొనదు. ఆ నమూనాను యథాతథంగా అమలుచేసిన చోట ‘తెలుగు’ అనే మాటే చెల్లదు. అందులో త, ల, గ అక్షరాలు. ఒక ఎత్వం, రెండు ఉత్వాలు చిహ్నాలు. నమూనా రూపకర్తలు ప్రపంచ భాషలన్నిటికీ చోటివ్వాలన్న ఉద్దేశంతోనే అక్షరవర్గాన్ని వాడి ఉండవచ్చు. కానీ హల్లుకు గుణింతం చేరితేనే అక్షరం పూర్తవుతుందన్న భారతీయ లిపుల స్వభావం ఆ నిర్వచనంలో ఇమడలేదు.

5. ఒకే రూపం, వేర్వేరు సంకేతాలు

తెలుగులో ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు. ఒకటి ఐత్వానికి కేటాయించిన ఏకసంకేతం. రెండవది ఎత్వం, దాని తర్వాత ఐత్వపు పొడవు గుర్తు. సారంగు తమ్మయ ‘వైజయంతీవిలాసము’ పేరును ఈ రెండు విధాలుగా రాస్తే కంటికి భేదం ఉండదు. యూనికోడ్ ఈ రెంటినీ సమానమని ప్రకటించి, ఏకరూపానికి తెచ్చే ‘సాధారణీకరణ’ పద్ధతిని కూడా నిర్వచించింది. ఎస్3 మాత్రం కీలను బైట్లుగానే పోలుస్తుంది, సాధారణీకరించదు. ఫలితంగా ఒకే గ్రంథం పేరుతో రెండు వేర్వేరు ఆబ్జెక్ట్‌లు ఏర్పడగలవు. ఒకదానిని వెదికితే రెండవది దొరకదు. పొల్లు తర్వాత సంయుక్తాక్షరం ఏర్పడకుండా వాడే అదృశ్య సంకేతం విషయంలోనూ ఇదే చిక్కు. మాట చివర అది మిగిలిపోతే కంటికి కనిపించదు. యంత్రానికి మాత్రం అది వేరే మాట.

సాహిత్యపరమైన భేదాలు వీటికి అదనం. ఆముక్తమాల్యదకు ‘విష్ణుచిత్తీయం’ అనే నామాంతరం ఉంది. మనుచరిత్ర అసలు పేరు ‘స్వారోచిష మనుసంభవం’. చరిత్ర, చరిత్రము, చరిత్రం అనే రూపభేదాలు సరేసరి. గ్రంథనామాన్నే కీగా పెడితే పరిశోధకులు నిర్ణయించవలసిన విషయాన్ని ఫైలు పేరు ముందే నిర్ణయించినట్లవుతుంది. తర్వాత కర్తృత్వమో, నామమో సవరించవలసి వస్తే కీ మారాలి. ఎస్3లో సాధారణంగా కీ మార్చడమంటే కొత్త కీతో నకలు చేసి పాతదానిని తొలగించడమే. అప్పటికే వ్యాసాలలో ఉదహరించిన లంకెలన్నీ విరిగిపోతాయి.

6. సూచించే అమరిక

పై విశ్లేషణ ఆధారంగా గ్రంథప్రతుల మెటాడేటాను మూడు పొరలుగా అమర్చవచ్చు.

మొదటిది గుర్తింపు. కీలో అంకెలు, చిన్న రోమన్ అక్షరాలు మాత్రమే ఉండాలి. అది గ్రంథాన్ని గురించి ఏమీ చెప్పకూడదు. ఉదాహరణకు ‘000127’ అనే సంఖ్య ఆముక్తమాల్యద ప్రతికి ఇస్తే, ఆ ప్రతి గురించిన అభిప్రాయాలు మారినా సంఖ్య మారదు.

రెండవది వర్గీకరణ. ట్యాగులలో యంత్రానికి అవసరమైన కొద్దిపాటి వివరాలే ఉండాలి: ప్రతి రకం, స్కాన్ దశ, వినియోగ హక్కు, బాధ్యత వహించే విభాగం. వీటి విలువలను ముందే నిర్ణయించిన జాబితా నుంచి ఎంచుకోవాలి. ఒకరు ఒక విధంగా, మరొకరు మరొక విధంగా రోమన్ లిపిలో గ్రంథనామాలను రాసే అలవాటుకు ఇక్కడ చోటు ఉండరాదు.

మూడవది వర్ణన. ప్రతి గ్రంథానికీ తెలుగులో రాసిన ఒక వివరపత్రం ప్రత్యేక ఫైలుగా ఉండాలి. దాని రూపం ఇలా ఉండవచ్చు.

గుర్తింపు: 000127
గ్రంథనామం: ఆముక్తమాల్యద
నామాంతరం: విష్ణుచిత్తీయం
కర్త: శ్రీకృష్ణదేవరాయలు
ఆశ్వాసాలు: 6
ప్రతి రకం: తాళపత్రం
ఆశ్వాసాంత పాఠం: ప్రతిలో ఉన్నది ఉన్నట్లు
సరిచూపు సంఖ్య: స్కాన్ ఫైలు నుంచి గణించినది

పట్టికలోని అంశాలకు 15 మూలాంశాలున్న డబ్లిన్ కోర్ ప్రమాణాన్ని ఆధారం చేసుకుంటే ఇతర గ్రంథాలయాలతో వినిమయం సులభమవుతుంది. నామాంతరానికి ప్రత్యేక స్థానం ఉండడం వల్ల ఏ పేరుతో వెదికినా ప్రతి దొరుకుతుంది. పాఠాన్ని నమోదుకు ముందే సాధారణీకరించాలి. గద్యను మాత్రం లేఖకుని వర్ణక్రమంలోనే ఉంచాలి, దిద్దరాదు.

ఈ పొరను విడిగా ఉంచడానికి బలమైన కారణం ఉంది. ఎస్3లో ఆబ్జెక్ట్‌కు జోడించిన మెటాడేటాను తర్వాత నేరుగా మార్చలేము. ఆబ్జెక్ట్‌నే తిరిగి నకలు చేయాలి. ఫైలును సొంత కంప్యూటరుకు దింపుకున్నప్పుడు ఆ మెటాడేటా, ట్యాగులు ఫైలు వెంట రావు. ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు నిల్వను మార్చినప్పుడు పరిమితులూ మారతాయి. గూగుల్ క్లౌడ్‌లో లేబుల్ విలువకు 63 అక్షరాలే హద్దు. అమెజాన్‌లో 256 అక్షరాలతో రాసిన వివరం అక్కడ ఇమడదు. వివరపత్రం ఫైలుగా ఉంటే ఈ చిక్కులు లేవు. దాని సవరణల చరిత్రను గిట్ వంటి సాధనంలో భద్రపరిస్తే, కర్తృత్వ వివరాన్ని ఎవరు ఎప్పుడు మార్చారో కూడా తెలుస్తుంది. కోడ్ ఆ వివరపత్రాన్ని చదివి ట్యాగులను తయారుచేయాలి. ట్యాగులే మూలం కారాదు.

7. ముగింపు

క్లౌడ్ వనరుల కోడ్‌లో గుర్తింపు, వర్గీకరణ, వర్ణన అనేవి వేర్వేరు పనులు. పేరునే గుర్తింపుగా, ట్యాగునే వర్ణనగా వాడినప్పుడు తెలుగు గ్రంథప్రతులకు రెండు విధాల నష్టం జరుగుతుంది. లిపి స్వభావం ఎరుగని నిబంధనల వల్ల వివరాలు రోమన్ లిపిలోకి కుదించుకుపోతాయి. నిల్వ మారినప్పుడు ఆ మిగిలినవీ జారిపోతాయి. గుర్తింపును అర్థరహితంగా, ట్యాగును పరిమితంగా, వర్ణనను తెలుగులో సంపూర్ణంగా ఉంచడం దీనికి పరిష్కారం. చీటీలు ఊడిపోయిన కట్టలను సైతం గద్యల ఆధారంగా గుర్తించగలిగిన అనుభవం తెలుగు పరిష్కర్తలకు ఉంది. డిజిటల్ ప్రతులకూ ఆ అవకాశం మిగలాలంటే, స్కాన్ పని మొదలుకాక ముందే వివరపత్రం నమూనాను తెలుగు శాఖలు, సాంకేతిక విభాగాలు కలిసి నిర్ణయించుకోవాలి.