నాగలాపురం పెరట్లో రుడ్‌బెకియా పూయాలంటే

రుడ్‌బెకియా విత్తనాల పొట్లం మీది బొమ్మ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. బంగారు రేకులు, నడుమ ముదురు గోధుమరంగు బుడిపె. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన ఈ మొక్క పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి మేరీలాండ్ 1918లో దీన్ని రాష్ట్ర పుష్పం చేసుకుంది. ఆ పొట్లం తెచ్చి తూత్తుక్కుడి జిల్లా నాగలాపురంలో వేసినా మొలుస్తుంది, గుబురుగా ఆకులూ వేస్తుంది. పువ్వు దగ్గరే వస్తుంది చిక్కు.

కొన్ని మొక్కలు రాత్రి నిడివిని బట్టి పూస్తాయి. రాత్రులు పెరిగే కొద్దీ చామంతి మొగ్గ తొడుగుతుంది. రుడ్‌బెకియాది సరిగ్గా దానికి ఎదురు. విత్తనాల పొట్లాల్లో ఎక్కువగా దొరికే హిర్టా జాతికి సుమారు 14 గంటల పగలు కావాలి. జూన్‌లో మేరీలాండ్‌లో పగలు 15 గంటలకు దగ్గరగా ఉంటుంది. నాగలాపురం భూమధ్యరేఖకు 9 డిగ్రీల పైన మాత్రమే ఉంది. ఏడాదిలోకెల్లా పెద్ద పగలు కూడా 12 గంటల 40 నిమిషాలకు అటూ ఇటూ. అందుకే మొక్క నేలకు అంటుకుని ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. ఎరువు ఎంత వేసినా కాడ లేవదు.

దీనికి మందు ఒక చిన్న ఎల్ఈడీ బల్బు. మొక్క నిజంగా కొలిచేది ఎడతెగని చీకటిని. ఆ చీకటిని మధ్యలో తెంపితే చాలు, రాత్రి చిన్నదైపోయిందని అనుకుంటుంది. పది ఆకులు వచ్చాక, రాత్రి 10 నుంచి 2 దాకా కుండీల మీద పసుపుఛాయ బల్బు వెలిగించండి. టైమర్ పెట్టుకుంటే నిద్ర చెడదు. మొగ్గలు బాగా కనిపించేదాకా ఒక్క రాత్రీ మానకూడదు. చామంతి కుండీలుంటే మాత్రం ఆ వెలుగు సోకని చోటికి జరపండి. అదే దీపం వాటి పూత ఆపేస్తుంది. పూత వెనక్కి జరపడానికి చామంతి రైతులు తోటల్లో రాత్రిళ్ళు బల్బులు వెలిగించేది ఇందుకే.

ఇక మట్టి. కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల చాలావరకు నల్లరేగడి. ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలలో రాసిన తెలుగువాళ్ళ వలస ఈ నేలకే. తరతరాలుగా ఇందులో పత్తి వేసిన కుటుంబాలకు దీని గుణం చెప్పక్కర్లేదు: వానకు బంకలా పట్టేస్తుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పత్తి తట్టుకుంటుంది. రుడ్‌బెకియా వేళ్ళకు మాత్రం నీరు నిలిస్తే కుళ్ళే. అందుకే కుండీ మేలు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. అడుగున చిల్లులుండాలి.

ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు జల్లులో చల్లితే చిన్న విత్తనాలు కొట్టుకుపోతాయి. వానలు తగ్గి చల్లబడే డిసెంబరు మంచి అదను. మొలకకు 21 డిగ్రీల వేడి బాగా నప్పుతుంది. విత్తనాలను లోతుగా పూడ్చకుండా, తడి మట్టి మీద చల్లి వేలితో అదమండి, వెలుగు తగిలితే బాగా మొలుస్తాయి. ఒకటి రెండు వారాల్లో మొలక కనిపిస్తుంది. నీళ్ళు చిలకరించాలే గాని పోయకూడదు. నాలుగైదు ఆకులు రాగానే విడివిడి కుండీల్లోకి మార్చండి. ఆకులు తడవకుండా మొదట్లోనే నీళ్ళు పోస్తే తెగుళ్ళు తక్కువ. అడుగు ఎత్తు దాటని టోటో రకం కుండీకి సరిపోతుంది. ఇండియన్ సమ్మర్ మూడడుగులు లేస్తుంది, దానికి పెద్ద కుండీ కావాలి.

పూత మొదలయ్యాక వాడిన పూలు తుంచేస్తే కొత్తవి వస్తూంటాయి. విత్తనం కావాలంటే కొన్ని పూలు వదిలేయండి. పసుపు రేకులు గొడ్డువి, గింజ కట్టేది నడిమి బుడిపెలోనే. అది ఎండి నల్లబడ్డాక కోసి, కాగితం మీద దులపండి. సంకర రకాల గింజలకు మాత్రం తల్లి పోలిక రాదు.

ఎండాకాలం ముదిరితే ఈ మొక్క నీరసిస్తుంది, మధ్యాహ్నం పూట కాస్త నీడ పట్టండి. రోజూ దీపం వెలిగించే వీలు లేనివాళ్ళు రుడ్‌బెకియా జోలికి పోకండి. అదే కుటుంబంలోని గైలార్డియా వేసుకోండి. అదీ అమెరికా పూవే, కాని దానికి ఇక్కడి పగలు చాలు.